మూడోసారి చేసిన ఫోను

ఉయ్యూరులో, రిటైరైన అంగన్‌వాడీ టీచరు మార్త గారి ఇంటి వరండా. పొద్దున పది దాటింది.

"మందు అడ్రసు కోసమైతే ఇంత దూరం రానక్కర్లేదు బాబూ. ఫోన్ చేసినా చెప్పేదాన్ని."

"అడ్రసు తెలుసండి. హనుమాన్ జంక్షన్ దాటాక కాలవ గట్టు మీద రెండు కిలోమీటర్లు. మామిడితోట. సంజీవరావు గారు. ఏడు నెలలు తిరిగాం."

"మరి?"

"మిమ్మల్ని చూద్దామని వచ్చానండి. ఆ వీడియోలో ఉన్న మార్త టీచరు గారు మీరే కదా?"

"నేనే. మీ పేరేమన్నారు?"

"సైదావలి అండి. విజయవాడ, వించిపేట. ఆటోనగర్‌లో లారీలకి సీట్లు కుడతాను."

"ఎండన పడి వచ్చారు. కూర్చోండి ముందు. మజ్జిగ ఇస్తాను, ఉప్పేసి ఇవ్వనా, ఉత్తదే తాగుతారా?"

"వద్దండి. మంచినీళ్ళు చాలు."

"మొహమాటపడకండి, ఉంది."

"మొహమాటం కాదండి. మజ్జిగ వద్దు."

"సరే, నీళ్ళే తాగండి. ఇంతకీ జబ్బెవరికి? మీ అమ్మగారికా?"

"మా ఆవిడకండి."

"ఎట్టా ఉంది ఇప్పుడు?"

"మొన్న శుక్రవారం నలభయ్యో రోజు ఫాతెహా చేశామండి."

"అయ్యో తండ్రీ."

"మీరు కూర్చోండి. నిలబడి ఉన్నారు."

"ఎంత వయసు బాబూ?"

"నలభై ఇంకా నిండలేదండి. ముబీనా అని. మా వీధి చివర ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరు. మీకు ఫోన్ చేసింది."

"చాలామంది చేస్తారు. ఆడవాళ్ళే ఎక్కువ. పేర్లు గుర్తుండవు నాకు."

"మూడుసార్లు చేసింది. 'మార్త ఆంటీ, ఉయ్యూరు' అని రాసుకుంది ఫోన్‌లో."

"మూడుసార్లా."

"గుర్తొచ్చిందా అండీ?"

"చాలామంది చేస్తారని చెప్పాగా. మీరు నన్ను తిట్టడానికొస్తే తిట్టండి బాబూ, పడతాను. ఇట్టా నెమ్మదిగా మాట్లాడుతుంటే నాకు భయమేస్తోంది."

"తిట్టడానికి రాలేదండి. ఒక్కటి అడిగి వెళ్ళిపోదామని."

"అడగండి మరి."

"అడుగుతానండి. ముందు మీ సంగతి చెప్పండి. మీకు నిజంగా వచ్చిందా, కేన్సరు?"

"వచ్చింది. అది అబద్ధం కాదు. ఎడమవైపు రొమ్ములో గడ్డ. నాలుగేళ్ళయింది."

"సంజీవరావు గారి పొడితో తగ్గిందా?"

"వీడియో చూశారుగా."

"లెక్కలేనన్నిసార్లు చూశానండి. నాకు నోటికొచ్చు. 'డాక్టర్లు ఇంక ఆశ లేదన్నారు. సంజీవరావు గారి పొడి వాడాను. ఇవాళ మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను.' అంతే. నలభై సెకన్లు."

"నేను పావుగంట మాట్లాడాను బాబూ."

"నలభై సెకన్లేనండి వచ్చింది."

"పావుగంట మాట్లాడాను. ఆ తోటలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆయన మేనల్లుడు ఫోన్‌లో తీశాడు. ఆపరేషన్ అయిందని చెప్పా. ఆరు కీమోలు ఎక్కించారని చెప్పా. ఇరవై అయిదు రోజులు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారని చెప్పా. అదంతా అయిపోయి, నీరసంతో మంచం దిగలేకుండా ఉంటే అప్పుడు ఎవరో చెబితే ఈ పొడి తిన్నా. నాలుగు నెలలకి ఓపిక వచ్చింది. పొడి వల్ల వచ్చిందో, దానంతటది వచ్చిందో నాకేం తెలుసు? పొడి వల్లేనని నమ్మా. అదే చెప్పా."

"ఆశ లేదన్నారని అన్నారు కదండీ?"

"అది మా ఆయన గురించి. ఆయనది కిడ్నీ జబ్బు. మాటల మధ్యలో ఏడుస్తూ చెప్పా, మా ఆయనకి డాక్టర్లు ఇంక ఆశ లేదన్నారని. ఆ ముక్క ఇక్కడ పెట్టి, ఈ ముక్క అక్కడ పెట్టి అతికించాడు."

"మీకెప్పుడు తెలిసిందండి?"

"ఏది?"

"అట్టా అతికించారని."

"కొన్నాళ్ళకి."

"ఎన్నాళ్ళకండి?"

"మర్నాడే. మా కోడలు కృప చూపించింది. అత్తయ్యా, ఆపరేషన్ సంగతి లేదేంటి ఇందులో అంది."

"మరి మీరు?"

"ఏం చెప్పను బాబూ. చిన్నతనంగా ఉంది చెప్పడానికి."

"చెప్పండి టీచరు గారూ. నేనెవరికీ చెప్పను."

"కీమోలప్పుడు జుట్టంతా ఊడిపోయింది. చర్చిలో నా పక్కన కూర్చునేవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు. అంటుకునే జబ్బు కాదని వాళ్ళకీ తెలుసు. అయినా జరిగేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళు వాళ్ళ పిల్లలకి ముక్కులు తుడిచి అన్నాలు పెట్టినదాన్ని. అట్టాంటిది ఆ వీడియో వచ్చిన ఆదివారం పాస్టర్ గారు నా పేరు పిలిచి, సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డా. అందరూ నావంకే చూస్తున్నారు. ఆపరేషన్ మాట నోటిదాకా వచ్చింది. అన్లేదు."

"ఏమన్నారు?"

"దేవుడు ఆకుల ద్వారా స్వస్థపరిచాడు అన్నాను. బైటికొచ్చాక అందరూ చుట్టూ మూగారు. చేతులు పట్టుకున్నారు. ఆ తర్వాత ఫోన్లు. కైకలూరు నుంచి, తెనాలి నుంచి, ఎక్కడెక్కడి నుంచో. మా ఆయన పోయాక నన్ను పలకరించిన వాళ్ళు లేరు బాబూ. ఆ ఫోన్లు రాకపోతే తోచేది కాదు నాకు. ఇదీ నా సంగతి. ఇంక మీరడగాల్సింది అడగండి."

"అడుగుతానండి. కొంచెం నీళ్ళు..."

"ఇదిగో. మొత్తం తాగండి."

"మా అమ్మాయి సాలేహా ఇంటర్ చదువుతోందండి. వీడియో దానికొచ్చింది. వాళ్ళమ్మకి చూపించింది. తను నాకు చూపించింది. పోయిన జూన్‌లో, స్కూళ్ళు తెరిచిన వారం. అప్పటికి ముక్క తీసి పరీక్షకి పంపడం, రిపోర్టు రావడం అయిపోయింది. డాక్టరమ్మ కాయితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. గడ్డ చిన్నది, ముందే దొరికింది, ఆపరేషన్ చేసి కీమో ఎక్కిస్తే నయమవుతుందని. ఖర్చుకి కూడా భయం లేదు, కార్డు మీద అయిపోతుందంది."

"మరెందుకు మానేశారు?"

"మా అన్న తారిక్ అని ఉండేవాడు. గుట్కా తినేవాడు. నోట్లో పుండు. కీమో ఎక్కిస్తుండగానే పోయాడండి, అదే హాస్పిటల్లో. నేను పక్కనే ఉన్నా. ఆ సెలైను సీసా, చుక్క చుక్కగా దిగే మందు... మళ్ళీ ఆ వార్డులోకి నా కాళ్ళు పోవనుకున్నాను. అట్టాంటప్పుడు మీరు కనిపించారు. నవ్వుతూ, నిబ్బరంగా. సంజీవరావు గారు ఫీజు తీసుకోరన్నారు, హుండీ కూడా లేదు. డబ్బు తీసుకోని మనిషి మోసమెందుకు చేస్తాడనుకున్నాం."

"ఆయన మోసగాడు కాదు బాబూ. అదే వచ్చిన చిక్కు. నిజంగా నమ్ముతాడు."

"నమ్ముతాడండి. నేనూ చూశాను. వచ్చిన ప్రతివాళ్ళకీ తనే స్వయంగా కట్టు కడతాడు. రొమ్ము మీద పసరు కట్టు. ఉప్పు లేదు, పాలు లేవు, మాంసం లేదు, పప్పు లేదు. ముబీనా ఒక్కతే చప్పిడి తింటుందని మా అమ్మాయి కూడా ఉప్పు మానేసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు, పరీక్షకి చదివినట్టు."

"ఎన్నాళ్ళకి చిట్లింది?"

"మీకెట్టా తెలుసండి, చిట్లిందని?"

"చాలామందికి అవుతుంది. కట్టు పడక."

"రెండున్నర నెలలకండి. తోలు చిట్లి నీరు కారడం మొదలెట్టింది. ఆయన చూసి, మంచిదేనమ్మా, లోపలి విషం బయటికొస్తోందన్నాడు. నేనూ అదే అన్నాను. తను పైన గుడ్డ కట్టుకుని, దాని మీద దుపట్టా వేసుకుని స్కూలుకి వెళ్ళేది. కిటికీ పక్కన కూర్చుని పాఠం చెప్పేదట. ఒకరోజు మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసింది. ముందు బెంచీలో పిల్ల ఎవరో, టీచర్, ఏదో వాసనొస్తోంది అందట. ఇంక వెళ్ళలేదు. ఆ పిల్లని ఏమీ అనకండని హెడ్మాస్టరుకి ఫోన్ చేసి మరీ చెప్పింది."

"యేసయ్యా."

"జనవరిలో ఆయాసం మొదలైంది. అప్పుడు తీసుకెళ్ళాను. ఎత్తుకుని తీసుకెళ్ళాను టీచరు గారూ, చిన్నపిల్ల బరువుంది. స్కాన్ తీశారు. ఊపిరితిత్తుల్లోకి వచ్చేసింది, వెన్నులోకి వచ్చేసింది. అదే డాక్టరమ్మ. ఒక్క మాట తిట్టలేదు. నేనే అడిగాను, ఎప్పుడొచ్చుంటే బతికేదని."

"ఎందుకు అడగడం అట్టాంటివి?"

"అడిగానండి. జూన్ అయితే ఏ అనుమానమూ లేదంది. దసరాకి వచ్చినా మా చేతిలో ఉండేదేమో అంది. అప్పటికి పుండే గాని లోపలికి పాకి ఉండదేమోనని."

"దసరాకా."

"అవునండి. దసరాకి."

"మీరు... ఆ పొడాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదా?"

"పోయిన తర్వాత వెళ్ళానండి. చెప్పాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెట్టుకుని, పథ్యం ఎక్కడో తప్పుంటారు బాబూ అన్నాడు."

"అందరికీ అదే మాట చెబుతాడు."

"తప్పింది నిజమేనండి. హాస్పిటల్లో నర్సమ్మ, ఇంక ఏమడిగితే అది పెట్టండి అంది. ముబీనా మజ్జిగ అడిగింది, ఉప్పేసి. ఏడు నెలల తర్వాత ఉప్పు. నాలుగు గుక్కలు తాగి, ఎంత బాగుందండీ అంది. సాలేహా గది బైటికి పరిగెత్తింది."

"నేనే కదా ఇందాక... నాకు తెలీదు బాబూ."

"మీకెట్టా తెలుస్తుందండి. మీ ఫోన్ మోగుతోంది."

"మోగనివ్వండి."

"ఎత్తండి. ఫర్లేదు."

"తర్వాత మాట్లాడతాలెండి."

"ఎత్తండి టీచరు గారూ. నేనూ వింటాను."

"హలో. ఆఁ, నేనే. మార్తనే. ఎక్కడి నుంచమ్మా? నూజివీడా. ఎవరికి? మీ అమ్మకా. ఏమన్నారు డాక్టర్లు? ఆపరేషన్ తేదీ ఇచ్చారా. ఇచ్చారు కదా, అయితే చేయించు. విను, నేను చెప్పేది విను. నాకు ఆపరేషన్ అయిందమ్మా. అవును. రొమ్ము తీసేశారు. ఆరు కీమోలు, ఇరవై అయిదు కరెంట్లు. పొడి ఆ తర్వాత తిన్నా. వీడియోలో అది లేదు, కోసేశారు. లేదమ్మా, నాతో ఎవరూ చెప్పించడంలా. ఏ హాస్పిటల్ వాళ్ళూ నా దగ్గరికి రాలేదు. నా మాట... హలో? హలో?"

"పెట్టేసిందా అండీ?"

"పెట్టేసింది. హాస్పిటల్ వాళ్ళు మీకేమన్నా ఇచ్చారా అనడుగుతోంది."

"నమ్మలేదా?"

"సగం మంది నమ్మరు. వీడియోలో నేను చెప్పింది నమ్ముతారు. నోటితో నేనే చెబితే నమ్మరు. ఆయన మేనల్లుణ్ణి వీడియో తీసెయ్యమని రెండుసార్లు అడిగా. నేను తీసేసినా ఎక్కడెక్కడో తిరుగుతూనే ఉంటుంది పిన్నీ అన్నాడు."

"ఎప్పటినుంచి చెబుతున్నారండి, ఇట్టా?"

"ఇట్టా అంటే?"

"ఆపరేషన్ అయిందని. ఫోన్ చేసినవాళ్ళకి."

"కొన్ని నెలలైంది."

"ఎప్పటినుంచండి?"

"దసరా నుంచి."

"మొదట ఎవరికి చెప్పారు?"

"మీరు అడుగుదామనుకున్నది ఇదేనా బాబూ?"

"మొదట ఎవరికి చెప్పారండి?"

"మీ ఆవిడకే. గుర్తు లేదని అబద్ధం చెప్పా ఇందాక. క్షమించండి. ఆ గొంతు నేను మర్చిపోలేదు. మాటకి మాటకి మధ్య ఆగి మాట్లాడేది, పిల్లలకి డిక్టేషన్ చెప్పినట్టు."

"అవునండి. అట్టాగే మాట్లాడేది."

"మొదటిసారి, పొడి నీళ్ళల్లో కలపాలా తేనెలో కలపాలా అనడిగింది. చెప్పాను. రెండోసారి, కట్టు కింద తోలు చిట్లింది ఆంటీ, మీకూ ఇట్టాగే అయిందా అంది. నాకెవరు కట్టారు కట్టు? నాకు కోసి కుట్లేసిన చోటది. ఆ మాట చెప్పలేదు. ఆయన్నే అడుగమ్మా అని పెట్టేశా. పెట్టేశానే గాని మూడు రోజులు అన్నం సయించలేదు."

"మూడోసారి?"

"దసరా సెలవులు. మధ్యాహ్నం పూట. నేను బియ్యం ఏరుకుంటున్నా. ఆంటీ, మీరూ టీచరే, నేనూ టీచర్నే, ఒక్కటి నిజం చెప్పండి, ఆపరేషన్ లేకుండానే తగ్గిందా మీకు అనడిగింది. అంతకుముందు ఎవరూ నన్ను అట్టా అడగలేదు బాబూ. అందరూ అడ్రసు అడిగేవాళ్ళే."

"మీరేం చెప్పారండి?"

"ఉన్నది చెప్పేశా."

"ఏ మాట అన్నారో ఆ మాటే చెప్పండి టీచరు గారూ. మార్చకుండా."

"నాకు రొమ్ము తీసేశారమ్మా అన్నాను. కీమోలు చెప్పాను, కరెంటు చెప్పాను. నువ్వా కట్టు విప్పేసి రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు, మీ ఆయనకి నేను చెప్పానని చెప్పు అన్నాను. ఆయన పక్కనుంటే ఫోనివ్వు, నేనే మాట్లాడతానన్నాను. షాపులో ఉన్నారు ఆంటీ, వచ్చాక కలుపుతాను అంది."

"కలుపుతానందా?"

"ఆఁ. ఏడుస్తుందేమో అనుకున్నా. ఏడవలేదు. నవ్వినట్టనిపించింది. థాంక్స్ ఆంటీ, ఇంక హాస్పిటల్‌కి వెళ్ళొచ్చు అంది. వెళ్ళాలి అన్లేదు. వెళ్ళొచ్చు అంది. బళ్ళో గంట కొడితే పిల్లలంటారే, అట్టాగ."

"తర్వాత?"

"తర్వాత ఫోన్ రాలేదు. వెళ్ళుంటుంది, ఆపరేషన్ అయ్యుంటుంది అనుకున్నా. రెండుసార్లు నంబరు తీశా చేద్దామని. ఏం వినాల్సొస్తుందోనని చెయ్యలేదు. అంతే బాబూ. ఇందులో ఒక్క అక్షరం దాచలేదు. కానీ నాకొకటి తెలీడంలేదు. అంత గట్టిగా చెప్పానే, మరి జనవరిదాకా ఎందుకుంది ఆ పిల్ల?"

"ఇంక నే వెళ్తానండి."

"మీకు చెప్పలేదా, సైదావలి గారూ?"

"చెప్పిందండి."

"చెప్పిందా?"

"ఆ సాయంత్రమే. నేను షాపు నుంచొచ్చి ఇంకా చెప్పులు విడవలేదు. గుమ్మంలోనే చెప్పింది. మార్త ఆంటీకి ఆపరేషన్ అయిందటండీ, కీమోలు కూడా అయ్యాయటండీ అంది. ఫోన్ చేతిలో పట్టుకునుంది. కలిపిస్తాను, మీరే మాట్లాడండి అంది."

"మాట్లాడకపోయారా మరి."

"ఆవిడ అట్టా ఎందుకంటుంది, నీకే హాస్పిటల్‌కి పోవాలనుంది, అందుకని అల్లి చెబుతున్నావన్నాను. పంతొమ్మిదేళ్ళ కాపురంలో తనని అబద్ధమాడుతున్నావన్నది ఆ ఒక్కసారేనండి. తను ఫోన్ గూట్లో పెట్టేసి, కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతాను అంది. పోయేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు."

"దేవా. ఈ మాట మోసుకుని ఇంత దూరం ఎందుకొచ్చారు బాబూ?"

"మీరు అట్టా అనలేదని చెబుతారేమోనని వచ్చానండి."